కంచన్‌బాగ్ ఉక్కు, పులికాట్ గడ్డి

సాయంత్రం ఐదున్నర. మీరు ఓవైసీ జంక్షన్‌లో నిలబడి ఉన్నారు. మిధాని వైపు నుంచి షిఫ్టు దిగినవాళ్ల స్కూటర్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఆసుపత్రి గేటు ముందు ఆటోలు, పండ్ల బండ్లు, మందుల చీటీలు పట్టుకుని పరుగెత్తే మనుషులు. ఇరానీ హోటల్లోంచి మరిగిన పాల వాసన వస్తోంది. తలపైన అబ్దుల్ కలాం పేరు పెట్టిన ఫ్లైఓవర్. దాని కింద పొడవాటి ప్రహరీ గోడలు, గోడల మీద ముళ్లతీగ, ఫొటోలు తీయరాదన్న బోర్డులు. కంచన్‌బాగ్‌లో సగం ఈ గోడల వెనకే ఉంటుంది.

ఫ్లైఓవర్‌కు పేరిచ్చిన మనిషి 1982లో ఇక్కడి క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వచ్చారు. ఆయన పుట్టిన రామేశ్వరం దీవికి ఒక పక్క పాక్ అఖాతం, ఇంకో పక్క మన్నార్ సింధుశాఖ ఉన్నాయి. మన దేశంలో సముద్రపు గడ్డి విస్తారంగా పెరిగే చోట్లలో ఆ రెండూ ముందు వరసలో ఉంటాయి. క్షిపణుల పేటకు, సముద్రం అడుగున పెరిగే పచ్చికకు చుట్టరికం ఏమిటని మీకు అనుమానం రావచ్చు. అది ఆయనొక్కరితో ఆగిపోలేదు.

ఎడమ చేతి గోడ వెనక మిశ్ర ధాతు నిగమ్ ఉంది. 1973లో పెట్టారు. అందరూ మిధాని అనే పిలుస్తారు. అక్కడ కాచి, సాగదీసి, పరీక్షించి పంపే మారేజింగ్ ఉక్కు పీఎస్ఎల్‌వీ రాకెట్ మొదటి దశకు తొడుగవుతుంది. 139 టన్నుల ఘన ఇంధనం మండుతున్నప్పుడు పగిలిపోకుండా పట్టి ఉంచేది ఆ తొడుగే. రాకెట్ నిలబడేది శ్రీహరికోటలో. శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు నడుం మీదుగా పోతుంది. ఆ సరస్సు అడుగున సముద్రపు గడ్డి ఉంది. ఈ రాత్రి చెన్నై వైపు రైలెక్కి మీరు వెళ్తున్నది దాన్ని చూడటానికే. మీతో వచ్చే అమ్మాయి సంతోష్‌నగర్‌లో పెరిగింది, తీరప్రాంతపు మొక్కల మీద పరిశోధన చేస్తోంది. ఆమె సంచిలో పొడవు కొలిచే టేపు, పీవీసీ గొట్టాలతో చేసిన చదరపు చట్రం, నీళ్లలో తడిసినా చెరగని పలక ఉన్నాయి.

గూడూరు దాటేసరికి తెల్లవారుతుంది. నాయుడుపేట తర్వాత గాలిలో తేడా తెలుస్తుంది, పెదవుల మీద ఉప్పు తగులుతుంది. సూళ్లూరుపేటలో దిగి ఇడ్లీ తిని, శ్రీహరికోట రోడ్డెక్కుతారు. ఊరు అయిపోగానే రెండు పక్కలా నీళ్లే. ఇంత నీళ్ల మధ్య రోడ్డు ఇంత తిన్నగా ఎలా పోతోందో మొదట అర్థం కాదు. తర్వాత తెలుస్తుంది, ఇది వంతెన కాదు. మట్టి పోసి ఎత్తు చేసిన కట్ట. అక్కడక్కడా నీళ్లు పోయేందుకు తూములు, చిన్న వంతెనలు.

అటకానితిప్ప దగ్గర ఆటో ఆపించి దిగండి. దక్షిణం పక్క నీటిలో గులాబీ రంగు చార కనిపిస్తుంది. కాసేపటికి ఆ చార కదులుతుంది. రాజహంసలు. తలలు కిందికి వంచి, ముక్కు తిరగేసి, బురద నీటిని వడగట్టుకుంటున్నాయి. ఫ్లెమింగో పండుగకు ఇక్కడికి జనం బస్సుల్లో వస్తారు. పక్షుల్ని చూసి వెళ్తారు. పక్షుల కాళ్ల కింద ఏముందో చూసేవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఉత్తరం పక్కకు తిరగండి. అదే సరస్సు, అదే ఉదయం, కానీ నీళ్లు పలచబడి ఉన్నాయి. దూరంగా తెల్లగా మెరిసేది నీరు కాదు, ఉప్పు పేరుకున్న నేల. ఇంకో రెండు నెలలు పోతే ఈ పక్క చాలా భాగం ఎండిపోయి, పశువులు నడిచిపోయే మైదానమవుతుంది. సరస్సు మొత్తం ఉత్తర దక్షిణాలుగా 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చిలిక తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి, సముద్రం ఉప్పునీళ్లు తెస్తుంది. ఈ రెండూ కలిసి కదులుతున్నంత కాలమే దీనికి ప్రాణం. రోడ్డు ఆ కదలికను తగ్గించింది. పూడిక మిగతా పని చేసింది. శ్రీహరికోటను 1969లో ఎంపిక చేశారు, 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. దేశానికి ఆ రోడ్డు అవసరమైంది, నిజమే. కానీ ఆ అవసరానికి సరస్సు ఏమి చెల్లించిందో మనం లెక్క వేసుకోవాలి. తూములు పెంచి, వెడల్పు చేసి, కొంత అప్పయినా తీర్చాలి.

మధ్యాహ్నానికి ముందే తడ మండలం చేరి, బి.వి.పాళెం రేవులో పడవెక్కుతారు. ఇరకం దీవికి పోయే పడవలు ఇక్కడి నుంచే. మీ ముందు పడవలో ఒక స్కూటరు, రెండు బియ్యం బస్తాలు, బడికి పోయే పిల్లలు. మీ పడవాయన ఇంజను ఆపి గెడ అందుకుంటాడు. ఇంజను తిప్పితే అడుగు బురద లేస్తుంది, ఆ బురద ఆకుల మీద కూర్చుంటుంది.

"ఈడ దిగొచ్చు పాపా. నడుము లోతే. కాలు ఈడ్చి నడవండి, ఎత్తి వెయ్యబాకండి. టేకు చేప ఉండాది."

టేకు చేప తోకలో ముల్లుంటుంది. మీరు కాలు ఈడ్చుకుంటూ దిగుతారు. మొదట బురద వేళ్ల మధ్యకు జారుతుంది. నాలుగడుగులు వేశాక అడుగు గట్టిపడుతుంది. అరికాలికి మెత్తగా, కాస్త జిగటగా, అల్లుకున్నట్టు ఏదో తగులుతుంది. అదే గడ్డి.

ఈత కళ్లద్దాలు పెట్టుకుని ముఖం నీళ్లలో ముంచండి. నీరు ఆకుపచ్చగా, కొంచెం మసకగా ఉంది. ఈశాన్య రుతుపవనాల వాన నీళ్లు తేరుకున్నాయి, వేసవి ఉప్పు ఇంకా ముదరలేదు. చూడటానికి మంచి రోజులివే. అడుగున బొటనవేలి గోరంత కోల ఆకులు జంటలు జంటలుగా లేచి ఉన్నాయి. దీని పేరు హాలోఫిలా ఓవాలిస్. జంటకూ జంటకూ మధ్య తెల్లటి సన్న కాడ ఇసుకలో అడ్డంగా పాకుతోంది, ప్రతి కణుపు దగ్గరా ఒక వేరు దిగుతోంది. దాని పక్కనే సన్నగా, నిటారుగా, రిబ్బను ముక్కల్లా ఊగేది హాలోడ్యూల్. ఇవి నాచు కావు. నాచుకు వేరుండదు, పువ్వుండదు. ఇవి పూసే మొక్కలు. కోట్ల ఏళ్ల కిందట నేల మీద ఉన్న మొక్కల సంతతి మళ్లీ సముద్రంలోకి దిగి, నీళ్లలోనే పూసి, నీళ్లలోనే పుప్పొడి పంపి, నీళ్లలోనే గింజ కడుతోంది. ప్రపంచం మొత్తం మీద వీటి జాతులు డెబ్బైకి కాస్త అటూ ఇటూ. మన దేశంలో పదిహేను దాకా ఉన్నాయి.

అమ్మాయి టేపు లాగుతోంది. 50 మీటర్ల గీత. ప్రతి 5 మీటర్లకు చట్రం అడుగున దించాలి. చట్రంలో గడ్డి ఎంత శాతం కప్పింది, ఏ జాతి ఎంత, ఆకు ఎంత పొడుగు, ఆకు మీద పాకుడు ఎంత పట్టింది అని ఆమె చెప్తుంటే మీరు పలక మీద రాస్తారు. గీతకు పదకొండు చట్రాలు, ఇలాంటి గీతలు మూడు, మొత్తం ముప్పై మూడు. ఇది ఆమె సొంత పద్ధతి కాదు. 1998లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మొదలైన సీగ్రాస్-వాచ్ అనే బృందం ఇలా కొలవడం నేర్పింది. ఇండోనేషియాలో ఎవరైనా ఇదే కొలత ఇలాగే తీస్తే, ఆ అంకెను ఈ అంకె పక్కన పెట్టి చూడొచ్చు. దేశాల మధ్య శాస్త్ర సహకారం అంటే పెద్ద సభలు, ఒప్పందాలు గుర్తొస్తాయి. నాకైతే అది ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. అందరూ ఒకే కొలబద్ద పట్టుకోవడంలో.

పదో చట్రం దించగానే గడ్డిలోంచి చిటికెన వేలంత రొయ్య పిల్ల ఎగిరి మాయమవుతుంది. ఇంకో మూల ఒక ఎండ్రకాయ పిల్ల, డెక్కలు ఎత్తి, మిమ్మల్ని బెదిరిస్తూ వెనక్కి నడుస్తుంది. పైనుంచి పడవాయన తొంగి చూస్తున్నాడు.

"ఎండ్రకాయ పిల్లలు ఈ గడ్డిలోనే పెరుగుతాయి సార్. గడ్డి లేని కాడ వల వేస్తే బురదే వస్తాది."

పరిశోధనా పత్రాలు పొడుగ్గా చెప్పే మాటను ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. చేప పిల్లకు దాగే చోటు ఇదే, తిండి దొరికే చోటూ ఇదే. ఆకులు నీటి వేగాన్ని తగ్గిస్తాయి, కొట్టుకొచ్చిన మట్టి కిందికి దిగుతుంది, నీరు తేరుతుంది. కింద వేళ్లు, రాలిన ఆకులు బురదలో పాతుకుపోయి, గాలిలోంచి వచ్చిన కర్బనాన్ని శతాబ్దాల పాటు పట్టి ఉంచుతాయి. అంత మేలు చేసే దీనికి కావలసింది ముఖ్యంగా వెలుతురు. నీరు బురదైతే ఎండ అడుగుకు చేరదు. రొయ్యల చెరువుల నుంచి ఎరువు నీళ్లు వస్తే ఆకుల మీద పాకుడు మందంగా పట్టి ఊపిరి ఆడనివ్వదు. ఉప్పు మరీ ముదిరితే కాడ కుళ్లిపోతుంది. 1879 నుంచి లెక్కలున్న చోట్ల చూస్తే, ప్రపంచంలో తెలిసిన సముద్రపు గడ్డి మేటల్లో దాదాపు 29 శాతం పోయిందని 2009లో శాస్త్రవేత్తలు తేల్చారు.

నీళ్లలోంచి లేచి పడవ అంచు పట్టుకున్నాక అమ్మాయి అడుగుతుంది: "అన్నా, ఆంధ్రా నీళ్లు ఎక్కడిదాకా?"

ఆయన దక్షిణం వైపు చెయ్యి చూపిస్తాడు. అక్కడేమీ లేదు, నీళ్లు తప్ప.

"గీత నీళ్లలో కనపడదు పాపా. వలల కాడ గొడవైనప్పుడే కనపడతాది."

ఆయనది పట్టపు కులం. అటు తమిళనాడు ఒడ్డున పళవేర్కాడులోనూ చుట్టాలున్నారు, ఇటు మాటల్లో తెలుగు, అటు మాటల్లో తమిళం, పెళ్లిళ్లు రెండు వైపులా. వానకాలం పోయాక చేపలు ఎటు ఎక్కువ ఉంటే అటు పడవలు పోతాయి, అప్పుడే పేచీలు వస్తాయి. సరస్సులో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది. కానీ సముద్రంలోకి ఇప్పటికీ పనిచేసే వాకిలి పళవేర్కాడు దగ్గర, తమిళనాడులో ఉంది. ఆంధ్ర వైపు రాయదొరువు వాకిలి ఇసుకతో పూడిపోయింది, దాన్ని తవ్వించమని జాలర్లు ఏళ్లుగా అడుగుతున్నారు. అంటే ఈ చట్రంలో మీరు చూసిన ఆకు ఆంధ్ర నేలలో వేళ్లూని, తమిళనాడు వాకిట్లోంచి వచ్చే ఆటుపోటు మీద బతుకుతోంది. ఒక రాష్ట్రం ఒంటరిగా దాన్ని కాపాడలేదు. పక్షుల అభయారణ్యాన్ని రెండు రాష్ట్రాలూ విడివిడిగా ప్రకటించుకున్నాయి. పక్షులకైతే రెక్కలున్నాయి. గడ్డికి లేవు.

ఇక్కడి నుంచి ఉత్తరంగా, ఇదే తూర్పు తీరం వెంట రైలులో పోతే ఒడిశాలో రంభ, బాలుగావ్ వస్తాయి. కిటికీలోంచి చిలిక కనిపిస్తుంది. ఆ తీరంలో వలలు లాగే నోలియాల ఇళ్లలో మీకు తెలుగు వినిపిస్తుంది. చిలిక కథ పులికాట్ చెవిలో చెప్పాల్సిన కథ. తొంభైల్లో ఆ సరస్సు కూడా ఇలాగే ఊపిరాడక ఉంది. సముద్రపు వాకిలి పూడి, ఉప్పు తగ్గి, మంచినీటి కలుపు నీళ్లను కమ్మేసింది. చేపలు పడిపోయాయి. 1993లో దాన్ని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ పట్టీలో చేర్చారు. అంతకు ముందే, 1991లో, ఒడిశా ప్రభుత్వం చిలిక అభివృద్ధి ప్రాధికార సంస్థను పెట్టింది. వాళ్లు ముందు కొలిచారు: నీరు ఎటు పోతోంది, ఇసుక ఎక్కడ ఆగుతోంది, ఎక్కడ తెరిస్తే సముద్రం లోపలికి వస్తుంది. కొలిచాక, 2000 సెప్టెంబరులో కొత్త వాకిలి తవ్వారు. ఉప్పు తిరిగొచ్చింది. కలుపు వెనక్కి తగ్గింది. చేప, రొయ్య, ఎండ్రకాయ వలలోకి తిరిగొచ్చాయి. 2002లో చిలికను ఆ ప్రమాదపు పట్టీ నుంచి తీసేశారు, అదే ఏడాది చిత్తడి నేలల సంరక్షణకిచ్చే రామ్‌సర్ పురస్కారమూ వచ్చింది.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి ఇది: చిలికలో సముద్రపు గడ్డి పరుచుకోవడానికి ఎవరూ నాటాల్సిన పని పడలేదు. నీళ్లు బాగుపడ్డాయి, గడ్డి తనంతట తాను పాకింది.

చిలిక, పులికాట్ పేర్లు ఒకే కాగితం మీద కలిసి కనిపించిన సందర్భం ఒకటుంది. రొయ్యల చెరువులు తీరాన్ని మింగేస్తున్నాయని గాంధేయవాది ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకెక్కారు. 1996 డిసెంబరులో వచ్చిన తీర్పులో, చిలిక, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువుల పరిశ్రమ పెట్టకూడదని కోర్టు ఆ రెండు పేర్లూ చెప్పి మరీ ఆదేశించింది. న్యాయమూర్తులు రెండిటినీ కవలలుగా చూశారు. ఒకదానికి ఆ తర్వాత వైద్యం దొరికింది. రెండోది ఇంకా వరండాలో కూర్చుని ఉంది.

మిట్ట మధ్యాహ్నం. పడవ దక్షిణంగా జరిగింది. లోతు తక్కువ చోట కొందరు ఆడవాళ్లు వంగి, రెండు చేతులూ నీళ్లలో పెట్టి, అడుగు తడుముతూ నడుస్తున్నారు. యానాదులు. చేతికి తగిలిన రొయ్యను పట్టి బుట్టలో వేస్తున్నారు. వల లేదు, పడవ లేదు, చేతులే పనిముట్లు. గడ్డి పోతే మొదట పస్తుండేది వీళ్లు. పడవున్నవాడు ఇంకో చోటికి పోగలడు.

అమ్మాయి ఒక్క కాడను కూడా పీకలేదని మీరు గమనిస్తారు. కొలిచింది, ఫొటో తీసింది, వదిలేసింది. నాటడం గురించి అడిగితే ఆమె పాక్ అఖాతం సంగతి చెప్తుంది. అక్కడ వెదురు చట్రాలకు కొబ్బరి తాళ్లు అల్లి, ఆ తాళ్లకు గడ్డి కాడలు కట్టి, గడ్డి పోయిన చోట అడుగున దించుతారు. తాడు కుళ్లిపోయేలోపు వేరు పట్టుకుంటుంది. జాలర్లూ ఆ పనిలో చెయ్యి వేస్తారు. ఆ గడ్డిని మేసే సముద్రపు ఆవుల కోసం 2022 సెప్టెంబరులో తమిళనాడు అక్కడ 448 చదరపు కిలోమీటర్ల సంరక్షణ కేంద్రాన్ని ప్రకటించింది. అఖాతం అవతలి ఒడ్డు శ్రీలంక. అదే ఏడాది మే నెలలో, శ్రీలంక ప్రతిపాదించగా, ఐక్యరాజ్య సమితి మార్చి 1ని ప్రపంచ సముద్రపు గడ్డి దినంగా ఒప్పుకుంది. జాలర్ల అరెస్టుల వార్తల్లోనే మనకు కనిపించే ఆ నీళ్లకు రెండు వైపులా, ఒకే గడ్డి కోసం ఒకే ఏడాది అడుగు పడింది.

అమెరికాలోని వర్జీనియా తీరంలో ఇంకో దారి తొక్కారు. 1930ల్లో తెగులుతో, తుపానుతో అక్కడి గడ్డి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. ఈ శతాబ్దం మొదట్లో శాస్త్రవేత్తలు, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి ఇరవై ఏళ్ల పాటు ఏడు కోట్లకు పైగా విత్తనాలు చల్లారు. 3,600 హెక్టార్ల మేర గడ్డి తిరిగొచ్చింది. అక్కడ నీరు శుభ్రంగానే ఉంది, లేనిది విత్తనమే. ఇక్కడ విత్తనం ఉంది, కాడ ఉంది, ఇప్పుడే మీ అరికాలికి తగిలింది. లేనిది నీటి రాకపోకలు. అందుకే పులికాట్‌లో ముందుగా గడ్డి నాటే పథకాలు ఎవరైనా ప్రకటిస్తే నేను సంతోషించలేను. వాకిలి తెరవకుండా నాటిన గడ్డి వేసవికి చచ్చిపోతుంది, డబ్బు బురదలో కలుస్తుంది, ఆ తర్వాత ఎవరు అడిగినా "చేసి చూశాం కదా" అంటారు.

కొలిచే చేతులకు, కళ్లకు మనకు కొదవ లేదు. అందులోనూ హైదరాబాద్‌లో, దాని చుట్టుపక్కల. షాద్‌నగర్‌లో జాతీయ దూర సంవేదన కేంద్రం పళ్లేలు ఉపగ్రహాల బొమ్మలు అందుకుంటాయి. శ్రీహరికోట నుంచి 2022 నవంబరు 26న పీఎస్ఎల్‌వీ మోసుకెళ్లిన ఓషన్‌శాట్ ఉపగ్రహం సముద్రం రంగును చదువుతుంది. దాని బొమ్మలో ఒక్కో చుక్క సుమారు 360 మీటర్లు కాబట్టి ఇలాంటి చిన్న మేటలు దానికి అందవు. రిసోర్స్‌శాట్ కెమెరా 5.8 మీటర్ల చుక్కతో చూస్తుంది. అది కూడా మసక నీటిలో గడ్డికీ నాచుకీ తేడా ఒక్కోసారి చెప్పలేదు. ఆకాశం నుంచి వచ్చిన బొమ్మను, నడుము లోతు నీళ్లలో దించిన ఈ పీవీసీ చట్రంతో సరిచూసుకోవాలి. ప్రగతి నగర్‌లో సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉంది, 1999లో మొదలైంది. వాళ్లు చేపలు దొరికే చోట్లు జాలర్లకు తెలుగులో చెప్తారు, సునామీ వస్తే హిందూ మహాసముద్ర తీర దేశాలను హెచ్చరిస్తారు. యునెస్కో గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రం అక్కడ ఉంది. ఈ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాల నుంచి యువ శాస్త్రవేత్తలు వచ్చి, సముద్రాన్ని కొలవడం నేర్చుకుని వెళ్తారు. కెన్యా నుంచో మాల్దీవుల నుంచో వచ్చినవాళ్లతో కలిసి పనిచేయగల మనం, తడ చెక్‌పోస్టు అవతలి తమిళనాడు వాళ్లతో కలిసి ఒక సరస్సును కొలవలేమా?

పొద్దు వాలుతోంది. చివరి చట్రం అంకెలు పలక మీద పడ్డాయి. అమ్మాయి వాటిని ఫోనులో ఎక్కించుకుని, అటు పళవేర్కాడు వైపు ఇదే పని చేస్తున్న చెన్నై స్నేహితురాలికి పంపిస్తుంది. ఆ వైపు అంకెలు ఈమెకు వస్తాయి. ప్రస్తుతానికి సరస్సు మొత్తం ఒకచోట కనిపించేది ఇద్దరు విద్యార్థుల ఫోన్లలో.

ఇది ప్రభుత్వాలు చేయాల్సిన పని. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు కలిసి పులికాట్‌కు ఒకే ప్రాధికార సంస్థ పెట్టాలి. చిలికకు ఉన్నట్టే దానికి సొంత శాస్త్రవేత్తలు, సొంత బడ్జెట్ ఉండాలి. రెండు వైపుల జాలర్ల పెద్దలకూ, యానాదులకూ అందులో కుర్చీ ఉండాలి. మొదటి పని రాయదొరువు, పళవేర్కాడు వాకిళ్లను కలిపి చూసి నీటి లెక్క వేయడం. రెండోది శ్రీహరికోట రోడ్డు తూములు వెడల్పు చేయడం. సుప్రీంకోర్టు చెప్పిన వెయ్యి మీటర్ల హద్దు అమలవుతోందో లేదో ఏటా ప్రజల ముందు పెట్టాలి. గడ్డి నాటడం ఆ తర్వాత, అవసరమైన చోట మాత్రమే. మీరు ఫ్లెమింగో పండుగకు వెళ్తే, వేదిక మీద కూర్చున్న మంత్రుల్నీ అధికారుల్నీ ఈ ఉమ్మడి సంస్థ ఎప్పుడు పెడతారని అడగండి.